కానమారాలో కారు తిప్పేముందు రెండు పేర్లూ రాసి పెట్టుకోండి

ఐర్లాండ్‌లో గాల్వే నుంచి కానమారా వైపు కారేసుకుని వెళ్లేవాళ్లకి ఒక చిన్న మాట. మిగతా చోట్ల బోర్డు మీద ఐరిష్ పేరు వాలు అక్షరాల్లో, ఇంగ్లిష్ పేరు పెద్ద అక్షరాల్లో రెండూ ఉంటాయి. గేల్టాక్ట్, అంటే ఐరిష్ మాట్లాడే ప్రాంతంలోకి రాగానే ఇంగ్లిష్ పేరు మాయం. ఫోన్ మ్యాప్‌లో మామ్ క్రాస్ అని చూసుకుంటూ వెళ్తే ఎదురుగా 'అన్ ట్యాఖ్ డోచ' అని కనిపిస్తుంది. కాలిపోయిన ఇల్లు అని దాని అర్థం! నేను ఆ కూడలి దాటిపోయి మళ్లీ వెనక్కి తిప్పుకొచ్చాను. కొండల మధ్య సిగ్నల్ కూడా అన్నిచోట్లా అందదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

మన పల్లి, పేట, చెరువు లాంటివే వాళ్లకీ ఉన్నాయి: 'లోఖ్' అంటే సరస్సు, 'బాల్యా' అంటే ఊరు, 'క్నొక్' అంటే కొండ, 'ఇనిష్' అంటే దీవి. ఈ నాలుగూ తెలిస్తే సగం మ్యాప్ చదివేసినట్టే. దారికి ఉత్తరాన కనిపించే కోరిబ్ సరస్సు దాదాపు 176 చదరపు కిలోమీటర్లు, ఐర్లాండ్ మొత్తంలో రెండో పెద్దది. ఎర్ర త్రికోణం మీద 'గేల్ ష్లీ' అని ఉంటే దారి ఇవ్వమని.

ఇంకోటి, పబ్బుల్లో టాయిలెట్ తలుపు మీద 'ఎం'తో మొదలయ్యే 'మ్నా' చూసి మగవాళ్లదనుకుని తోసేయకండి. అది ఆడవాళ్లది. మగవాళ్లది 'ఫిర్'.