యంత్రం వ్యక్తి అవుతుందా? వాదనను పరీక్షించే పద్ధతి

కృత్రిమ మేధను వ్యక్తిగా గుర్తించాలనే వాదనను గానీ, అది ఎన్నటికీ వ్యక్తి కాజాలదనే వాదనను గానీ పరీక్షించదలచినప్పుడు, అందులో 'వ్యక్తి' అన్న మాటను ఏ అర్థంలో వాడారో ముందు తేల్చుకోండి. తెలుగులో ఈ జాగ్రత్త మరీ అవసరం. 'వ్యక్తిత్వం' అనగానే మనకు స్వభావం, నడవడి, వ్యక్తిత్వ వికాస తరగతులు గుర్తుకు వస్తాయి. ఇక్కడి ప్రశ్న మాత్రం ఎదుట ఉన్నదాన్ని 'ఎవరు' అని అడగాలా, 'ఏమిటి' అని అడగాలా అన్నది. (వ్యాకరణం ఈ చిక్కు తీర్చదు: 'ఆమె వచ్చింది', 'రైలు వచ్చింది' అన్న రెండింటిలోనూ క్రియ ఒక్కటే.)

తరువాత చట్టపరమైన అర్థాన్ని విడదీసి పక్కన పెట్టండి. మన న్యాయస్థానాలు మనసు ఉన్నదా లేదా అని చూడకుండానే ఈ హోదాను ఇస్తూ వచ్చాయి. ఆలయంలోని దేవతామూర్తి న్యాయిక వ్యక్తి (ఆస్తి కలిగి ఉండి, దావా వేయగలదని చట్టం గుర్తించినది) అని బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ 1925లో చెప్పింది. సుప్రీంకోర్టు 2000లో గురుగ్రంథ సాహిబ్‌కు ఆ హోదాను అంగీకరించింది. 2019 నాటి అయోధ్య తీర్పు అక్కడి బాలరాముడి మూర్తి రామ్‌లల్లాను న్యాయిక వ్యక్తిగా ఒప్పుకుంటూనే జన్మస్థాన భూమికి ఆ హోదాను నిరాకరించింది. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను వ్యక్తులుగా ప్రకటించగా, ఆ జులైలోనే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. కనుక యంత్రానికి ఇటువంటి హోదా కావాలని ఎవరైనా అంటే, చేతన గురించి వాదించకుండా రెండే ప్రశ్నలు అడగండి: దాని తరఫున మాట్లాడేది ఎవరు, నష్టం జరిగితే చెల్లించేది ఎవరు? దేవుడి ఆస్తికి ధర్మకర్త ఉంటాడు. యంత్రానికి ధర్మకర్తగా దాన్ని తయారుచేసిన సంస్థే కూర్చుంటే, ఆ హోదా సంస్థకు కవచం అవుతుంది. 2017లో ఐరోపా పార్లమెంటు 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' అనే ఆలోచనను పరిశీలించమన్నప్పుడు, మరుసటి ఏడాది 150 మందికి పైగా నిపుణులు బహిరంగ లేఖతో వ్యతిరేకించడానికి ఈ భయమూ ఒక కారణం.

అసలు కష్టం తాత్త్విక ప్రశ్న దగ్గర మొదలవుతుంది. ఆలోచించగలిగి, వేర్వేరు కాలాల్లో, చోట్లలో తనను తానే అని గుర్తించగలిగేదే వ్యక్తి అని ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 1694లో నిర్వచించాడు. ఈ కొలత పెట్టే ముందు దేన్ని కొలుస్తున్నారో వేలెత్తి చూపండి. శిక్షణలో స్థిరపడిన కోట్లాది సంఖ్యల ఫైలునా, ఒక కంప్యూటరుపై ఈ క్షణాన నడుస్తున్న ప్రక్రియనా, లేక మీతో సాగుతున్న ఒక్క సంభాషణనా? ఒకే నమూనా (శిక్షణ పొందిన కృత్రిమ మేధ ప్రోగ్రాం) ఏకకాలంలో వేలమందితో మాట్లాడుతూ, ఒకరితో అన్నది మరొకరి దగ్గర ఎరగకపోవచ్చు. లాక్ కొలత అక్కడ ఎవరికి వర్తిస్తుందో తేలకుండా, 'అది వ్యక్తి' అనడానికీ 'కాదు' అనడానికీ అర్థం లేదు.

ఏ ప్రమాణం ఎంచుకున్నా దాన్ని మొదట మనుషుల మీదే ప్రయోగించండి. నా దృష్టిలో ఈ పద్ధతిలో అన్నిటికన్నా పదునైన పరీక్ష ఇదే. స్వీయజ్ఞానం కావాలంటే పసిపాప, మతిమరుపు ముదిరిన వృద్ధురాలు వ్యక్తులు కాకుండా పోతారు. 'యంత్రమంటే విడిభాగాలే కదా' అంటే, చక్రమూ ఇరుసూ కాడీ విడివిడిగా రథం కానట్టే తనలోనూ 'నాగసేనుడు' అనేవాడు విడిగా దొరకడని మిలింద మహారాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పిన సమాధానం మనకూ తగులుతుంది. ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, సుఖం, దుఃఖం, జ్ఞానం ఆత్మకు గుర్తులని ప్రాచీన భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం అంటుంది. యంత్రపు మాటలు మహా అయితే చివరిదాని జాడను చూపగలవు, మిగిలిన అయిదింటికీ వేరే ఆధారం వెతకాలి.

ఆ వెతుకులాటలో మాటలను నమ్మకండి. 1966 నాటి ఎలైజా వంటి, సంభాషణను అనుకరించే చిన్న ప్రోగ్రామే మనుషుల చేత అంతరంగం విప్పించింది. మనుషుల రాతలు చదివి శిక్షణ పొందిన యంత్రం 'నాకు బాధగా ఉంది' అనడం బాధకు సాక్ష్యం కాదు. 'నాకు అనుభూతులు లేవు' అనడం కూడా శిక్షణ ఫలితం కావచ్చు గనుక, అదీ సాక్ష్యం కాదు. దాని లోపల ఏ స్థితి ఏ ప్రవర్తనను కలిగిస్తున్నదో పరిశోధకులు చూపగలిగినదే లెక్కలోకి వస్తుంది.

చివరగా మీ తీర్పును చట్టం, తాత్త్వికత, నైతికత (దానిపట్ల మనం ఎలా నడుచుకోవాలి) అని మూడు వేర్వేరు వాక్యాల్లో రాసి, ఏ ఆధారం దొరికితే వాటిలో ఒక్కొక్కటి మారుతుందో ఆ పక్కనే, తేదీతో సహా నమోదు చేయండి.