ఓపీఎస్ సమానమైతే ఇలా తేల్చుకోండి

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఇద్దరు ఔట్‌ఫీల్డర్లను (మైదానం వెనక భాగంలో కాసేవారిని) పోల్చబోతే ఒక్కోసారి ఓపీఎస్, అంటే ఆన్‌బేస్ శాతం (బ్యాటర్ ఎంత తరచుగా బేస్ చేరతాడో), స్లగింగ్ శాతం (ఎంత బలంగా కొడతాడో) కలిపిన మొత్తం, సరిసమానంగా ఉంటుంది. ఎవరు మేలో తేలక విసుగు వస్తుంది.

అప్పుడు ఆన్‌బేస్ శాతాన్ని 1.8తో గుణించి, దానికి స్లగింగ్ శాతం కలిపి, మొత్తాన్ని 4తో భాగించండి. ఒకరివి 0.400, 0.450, మరొకరివి 0.330, 0.520 అనుకుందాం. ఇద్దరి ఓపీఎస్ కూడా 0.850. ఈ లెక్కలో మాత్రం మొదటివారికి సుమారు 0.293, రెండోవారికి 0.279 వస్తుంది. ఫలితాన్ని బేస్‌బాల్ బ్యాటింగ్ సగటులాగే చదువుకోవచ్చు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఫోనులోని క్యాలిక్యులేటర్ చాలు, అర నిమిషం పని.

ఆ తరువాత ఆడే స్థానం చూడండి. సెంటర్ ఫీల్డ్ కాయడం ఎక్కువ కష్టం కాబట్టి అక్కడ ఆడేవారికి లెఫ్ట్ ఫీల్డ్ వారికన్నా పూర్తి సీజనుకు సుమారు 10 పరుగులు అదనంగా వేసుకోండి. బేస్‌బాల్ గణాంకాల వెబ్‌సైట్ ఫ్యాన్‌గ్రాఫ్స్ వాడే సర్దుబాటు కూడా దాదాపు అంతే.

డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సొంత మైదానమైన ఆటగాడి విషయంలో పై గుణకారం లెక్క పనిచేయదు. అక్కడ సుమారు 1,600 మీటర్ల ఎత్తులో గాలి పలచన, బంతి దూరం పోతుంది. అలాంటి వారికి మైదానం ప్రభావాన్ని సరిచేసి చూపే బ్యాటింగ్ కొలమానం డబ్ల్యూఆర్‌సీ ప్లస్ చూడండి. అందులో 100 అంటే లీగ్ సగటు.