ఫైర్‌రెడ్ కొత్తగా మొదలుపెట్టారా? మొదటి మూడు బ్యాడ్జీల దాకా ఇలా ఆడండి

మా అక్క కొడుకు సెలవుల్లో పోకెమాన్ ఫైర్‌రెడ్ అనే వీడియో గేమ్ మొదలుపెట్టి మూడో రోజుకే పక్కన పడేశాడు. ఏంట్రా అంటే "బ్రాక్ దగ్గర ఆరుసార్లు ఓడిపోయా మామయ్యా, ఇంక నా వల్ల కాదు" అన్నాడు. బ్రాక్ అంటే మొదటి జిమ్ లీడర్, ఇలాంటి లీడర్‌ని తన జిమ్‌లో ఓడిస్తేనే బ్యాడ్జీ వస్తుంది. వాడి గేమ్ తెరిచి చూస్తే టీమ్‌లో చార్మాండర్ ఒక్కటే ఉంది, ప్రొఫెసర్ ఓక్ ఇచ్చిన ఐదు పోకెబాల్స్ (పోకెమాన్ అనే జీవుల్ని పట్టే బంతులు) ఐదూ బ్యాగ్‌లో అలాగే ఉన్నాయి. పట్టుకోవడమే ఈ గేమ్ ప్రాణం అయితే వీడు ఒక్కదాన్నే నమ్ముకుని పోయాడు. ఆ రోజు వాడి పక్కన కూర్చుని చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా, కొత్తవాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తుంది.

1996లో జపాన్‌లో రెడ్, గ్రీన్ అని మొదటి పోకెమాన్ గేమ్స్ వచ్చాయి కదా, ఆ రెడ్‌నే 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం మళ్ళీ తయారుచేశారు, అదే ఫైర్‌రెడ్. కొత్తవాళ్ళకి నేను ఎప్పుడూ ఇదే చెప్తా, ఎందుకంటే ఒక్కో విషయం ఒక్కో ఊర్లో మెల్లగా నేర్పిస్తుంది.

మొదట ఓక్ దగ్గర మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. బల్బసార్ గ్రాస్, చార్మాండర్ ఫైర్, స్క్విర్టిల్ వాటర్. నీళ్ళు నిప్పుని ఆర్పుతాయి, నిప్పు ఆకుని కాలుస్తుంది, ఆకు నీళ్ళని పీల్చేస్తుంది, ఇంతే లెక్క. సరైన టైప్‌తో కొడితే దెబ్బ రెండింతలు, తప్పు టైప్‌తో కొడితే సగం, కొన్నిటికి అసలు తగలదు. ఇంకోటేంటంటే మీ పోకెమాన్ తన సొంత టైప్ మూవ్ (దాడి) వాడితే దెబ్బ ఒకటిన్నర రెట్లు ఉంటుంది. మొదటిసారి ఆడేవాళ్ళు బల్బసార్ తీస్కోండి, మొదటి రెండు జిమ్‌లూ తేలికైపోతాయి. చార్మాండర్ మీద మనసుంటే అదే తీస్కోండి, తప్పేం లేదు, కాకపోతే తోడు ఇంకోటి పట్టుకోవాలి.

విరిడియన్ ఊరి షాప్‌లో ఇచ్చే పార్సెల్ తెచ్చి ఓక్‌కి ఇస్తే పోకెడెక్స్‌తో (పోకెమాన్‌ల వివరాలు చూపించే పరికరం) పాటు పోకెబాల్స్ ఇస్తాడు, అసలు ఆట అక్కడ్నుంచే. షాప్‌లో పోకెబాల్ 200, పోషన్ 300. పోషన్స్ ఎక్కువ కొనకండి, పోకెమాన్ సెంటర్‌లో వైద్యం ఫ్రీనే, ఆ డబ్బు బాల్స్ మీద పెట్టండి. యాంటిడోట్ మాత్రం రెండు ఉంచుకోండి, అడవిలో వీడిల్ అనే పురుగు కుడితే విషం ఎక్కి నడుస్తున్నప్పుడు కూడా హెచ్‌పీ (ప్రాణశక్తి) తగ్గుతూనే ఉంటుంది.

పట్టడం ఎలాగంటే, కనపడగానే బాల్ విసిరేయొద్దు. ముందు కొట్టి హెచ్‌పీ ఎర్రగీత దాకా తేవాలి, కానీ పూర్తిగా పడగొడితే ఇంక పట్టలేం, కాబట్టి చివర్లో చిన్న మూవ్ వాడాలి. నిద్రపుచ్చితే దొరికే అవకాశం రెండింతలవుతుంది, పారలైజ్ చేసినా విషం ఎక్కించినా ఒకటిన్నర రెట్లు. ఇంకో ట్రైనర్ పోకెమాన్ మీద బాల్ విసరకండి, అది పట్టనివ్వరు, బాల్ దండగ. విరిడియన్ అడవిలో పికాచు కూడా ఉంది, నూటికి ఐదుసార్లే ఎదురవుతుంది, కాస్త ఓపికతో గడ్డిలో తిరగండి, తర్వాత రెండో జిమ్ లీడర్ మిస్టీ దగ్గర బాగా పనికొస్తుంది.

ఇప్పుడు బ్రాక్. ఇతని దగ్గర లెవెల్ 12 జియోడ్యూడ్, లెవెల్ 14 ఆనిక్స్, రెండూ రాక్ ప్లస్ గ్రౌండ్. రెండు టైపులకీ వాటర్, గ్రాస్ అంటే పడదు కాబట్టి ఆ దెబ్బ నాలుగింతలవుతుంది. బల్బసార్‌కి లెవెల్ 10లో వైన్ విప్ వస్తుంది, స్క్విర్టిల్‌కి లెవెల్ 7లోనే బబుల్ వస్తుంది, వీటితో రెండు మూడు దెబ్బల్లో పని అయిపోతుంది. మా వాడి సమస్య ఏంటంటే చార్మాండర్ స్క్రాచ్ నార్మల్ టైపు, ఎంబర్ ఫైర్, రెండూ రాయి మీద సగమే. పైగా పికాచు కరెంటు కూడా గ్రౌండ్ వాటికి అసలు తగలదు. అందుకని వాణ్ణి విరిడియన్ ఊరికి పడమర వైపు రూట్ 22కి పంపించా, అక్కడ గడ్డిలో మాంకీ దొరుకుతుంది, ఫైటింగ్ టైపు. దానికి చిన్న లెవెల్‌లోనే లో కిక్ వస్తుంది, ఎదుటివాడు ఎంత బరువుంటే ఈ మూవ్ అంత గట్టిగా తగులుతుంది, ఆనిక్స్ బరువు 210 కిలోలు. వాడు ఆ కిక్ కొట్టి ఆనిక్స్ పడిపోగానే ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు, నాక్కూడా ఎంత సంతోషమేసిందో. ఒక జాగ్రత్త, ఆ రూట్ 22లోనే మీ రైవల్ (మీతో పోటీపడే కుర్రాడు) కాసుకుని ఉంటాడు, ముందు సేవ్ చేస్కుని వెళ్ళండి. చార్మాండర్‌నే వాడాలంటే లెవెల్ 13 దాకా పెంచండి, మెటల్ క్లా వస్తుంది, అది రాక్ మీద బాగా పనిచేస్తుంది.

సేవ్ అన్నాను కదా, ఫైట్‌లో తప్ప ఎక్కడైనా సేవ్ చేయొచ్చు, ప్రతి జిమ్ ముందు చేయండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. టీమ్ మొత్తం పడిపోతే కొంత డబ్బు పోతుంది, అప్పటిదాకా వచ్చిన ఎక్స్‌పీరియన్స్ మాత్రం మీదే.

చిన్నవాటిని పెంచాలంటే ఒక చిట్కా ఉంది. పెంచాలనుకున్నదాన్ని టీమ్‌లో మొదట పెట్టండి, ఫైట్ మొదలవ్వగానే బలమైనదానికి మార్చేయండి, ఫైట్‌లో దిగినవాటన్నిటికీ ఎక్స్‌పీరియన్స్ పంచుతారు కాబట్టి అది దెబ్బ తినకుండానే లెవెల్ పెరుగుతుంది. మౌంట్ మూన్ ముందున్న సెంటర్‌లో ఒకాయన 500కి మాజికార్ప్ అమ్ముతాడు, చూస్తే అది ఊరికే గెంతుతుంది అంతే, ఏమీ చేయలేదు, కానీ ఇలా మార్చి మార్చి లెవెల్ 20కి తెచ్చారంటే గ్యారడోస్ అవుతుంది, తర్వాత చాలా దూరం మిమ్మల్ని మోస్తుంది. నేనైతే ప్రతిసారీ కొంటాను.

మిస్టీ దగ్గర స్టార్యూ లెవెల్ 18, స్టార్మీ లెవెల్ 21, రెండూ వాటర్ టైపువే. ఆ స్టార్మీ గట్టిది, హెచ్‌పీ కూడా తిరిగి నింపుకుంటుంది, కాబట్టి గ్రాస్ గానీ కరెంటు గానీ లేకుండా వెళ్ళొద్దు. మిస్టీ ఉండే ఊరికి ఉత్తరాన బ్రిడ్జ్ మీద ఐదుగురు ట్రైనర్లని వరసగా గెలిస్తే చివర ఉన్నవాడు నగ్గెట్ ఇస్తాడు, అమ్మితే 5000 వస్తాయి, అక్కడే రూట్ 24 గడ్డిలో ఆడిష్ కూడా దొరుకుతుంది, గ్రాస్ టైపు కావాలంటే అదే పట్టుకోండి.

మూడోది వెర్మిలియన్‌లో సర్జ్, అంతా ఎలక్ట్రిక్, లెవెల్ 24 రాయిచు ఉంది. జిమ్‌కి అడ్డంగా ఉన్న చెట్టు నరకాలంటే కట్ అనే మూవ్ కావాలి, అది ఆ ఊరి రేవులో ఉన్న ఓడలో కెప్టెన్ ఇస్తాడు. కట్ లాంటివి ఒకసారి నేర్పిస్తే మామూలుగా మర్చిపోనివ్వవు, అందుకే మీ ముఖ్యమైన పోకెమాన్‌కి నేర్పించకండి, ఉన్నవే నాలుగు మూవ్ స్లాట్లు. ఊరికి తూర్పున డిగ్లెట్ గుహ ఉంది, అక్కడ ఒక డిగ్లెట్ పట్టండి, అది కట్ నేర్చుకుంటుంది, పైగా గ్రౌండ్ టైపు కాబట్టి కరెంటు దెబ్బ ఒక్కటీ తగలదు. జిమ్ లోపల చెత్తబుట్టల్లో రెండు స్విచ్‌లు వెతకాలి, మొదటిది దొరికాక రెండోది దాన్ని ఆనుకుని ఉన్న బుట్టలోనే ఉంటుంది, తప్పు బుట్ట తీస్తే మళ్ళీ మొదట్నుంచి వెతకాలి. మా వాడు ఇప్పుడు ఆ బుట్టల దగ్గరే ఉన్నాడు, టీమ్‌లో ఐదు పోకెమాన్‌లున్నాయి, బ్యాగ్‌లో బాల్స్ అయిపోయాయని రాత్రి ఫోన్ చేశాడు.