మోకాళ్ళ నొప్పులున్న అమ్మను క్రూయిజ్‌కు తీసుకుపోవాలంటే

ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు ఎవరు, వాళ్ళు ఎంత దూరం నడవగలరు అన్నది చూసుకొని క్రూయిజ్, అంటే ఓడలో విహారయాత్ర, ప్లాన్ చెయ్యండి. తేదీలు, రేట్లు, పిల్లల ముచ్చట్లు అన్నీ దాని తర్వాతే. పెద్దవాళ్ళకు సరిపడేట్టు చూసుకుంటే మిగతా అందరికీ అదే సరిపోతుంది.

నేను నల్గొండ జిల్లా చండూరులో మెడికల్ షాపు నడుపుతాను. మా అమ్మది మర్రిగూడ పక్క పల్లె. ఏళ్ళ తరబడి తాగిన ఫ్లోరైడ్ నీళ్ళు ఆమె నడుమును, మోకాళ్ళను బిగపట్టేసినయి. కింద కూర్చోలేదు. మెడ తిప్పాలంటే మనిషే తిరగాలి. మా దిక్కు ఇలాంటి పెద్దవాళ్ళు చాలా ఇళ్ళల్లో ఉన్నారు. యాత్ర అనగానే వాళ్ళకు గుర్తొచ్చేవి క్యూ లైన్లు, మెట్లు, ఊరికో లాడ్జి, పొద్దున లేస్తే సంచులు సర్దుడు. అందుకే "మీరు పోయిరాండ్రి, నేను ఇంటికాడ ఉంట" అంటారు. ఓడలో ఈ బాధలేవీ లేవు. ఎక్కిన రోజు బట్టలు అల్మారాలో పెట్టుకుంటే దిగేదాకా అదే గది. లిఫ్టు ఉంటుంది, వెస్టర్న్ టాయిలెట్ ఉంటుంది, పడుకున్న చోటి నుంచే ఊరు మారుతుంది. కాళ్ళు సహకరించని వాళ్ళకు ఇంతకంటే సుఖమైన ప్రయాణం నాకు తెలియదు. ఇది డబ్బున్నవాళ్ళ షోకు అనుకొని వదిలేస్తున్నారు గానీ, మన పెద్దవాళ్ళకే ఇది ఎక్కువ అవసరం.

మనకు అందుబాటులో ఉన్న రేవులు ముంబై, చెన్నై. కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడ చలికాలంలో ముంబై నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు తిరుగుతుంది. నైరుతి రుతుపవనాలకు అరేబియా సముద్రం రేగే నెలల్లో చెన్నై నుంచి విశాఖ, పుదుచ్చేరి, శ్రీలంక వైపు నడిపారు. రూట్లు ఏటా మారుతుంటాయి, బుక్ చేసేముందు ఆ ఏటి షెడ్యూల్ చూడాలి. పెద్దవాళ్ళతో మొదటిసారి అయితే నా సలహా ఒక్కటే: సంక్రాంతి సెలవులు అయిపోయాక, జనవరి చివర లేదా ఫిబ్రవరిలో, ముంబై నుంచి. అప్పుడు అరేబియా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం, ఆ నెలల్లో అటు వద్దు. క్రిస్మస్, న్యూ ఇయర్ రోజుల్లో రేటు ఎక్కువ, జనం ఎక్కువ, అర్ధరాత్రి దాకా పాటల మోత. వారం మధ్యలో బయలుదేరే ట్రిప్పు దొరికితే ఇంకా మంచిది.

రూట్ ఎంచుకునేటప్పుడు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఓడ రేవు గట్టుకు ఆనుకొని ఆగుతుందా, లేక నడి నీళ్ళలో లంగరు వేస్తుందా? గోవాలోని మోర్ముగావ్‌లో, కొచ్చిలో గట్టుకే ఆగుతుంది. వాలుగా వేసిన దారి మీద నడిచి దిగొచ్చు, వీల్‌చైర్ కూడా పోతుంది. లక్షద్వీప్‌లో అట్లా కాదు. ఓడ దూరంగా ఆగితే, చిన్న పడవలోకి మారి ద్వీపానికి పోవాలి. ఆ పడవ అలలకు లేస్తూ పడుతూ ఉంటుంది. అది పైకి లేచిన క్షణం చూసుకొని అడుగు వెయ్యాలి. మోకాలు వంగని మనిషికి అది చాలా కష్టం.

ఆ అడుగు మీ వాళ్ళు వెయ్యగలరో లేదో ఇక్కడే చూసుకోవచ్చు. నాగార్జునసాగర్ డ్యామ్ దాటి విజయపురి సౌత్ పోయి, నాగార్జునకొండ లాంచీ ఎక్కించండి. గంట లోపు ప్రయాణం. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు తప్ప ఏ రోజైనా పోండి. ఇక్ష్వాకుల కాలం నాటి శిల్పాలు చూసినట్టూ ఉంటుంది. మేము అమ్మను అక్కడికే తీసుకుపోయినం. గట్టుకూ లాంచీకీ మధ్య జానెడు సందు. అమ్మ ఎడమ చేత్తో కమ్మీ పట్టుకొని, కుడికాలు గాల్లో ఆపి, కింద కదులుతున్న నీళ్ళను చూసింది. ఆ కాలు లాంచీ మీద పెట్టడానికి ఇద్దరం రెండు రెక్కలు పట్టుకోవలసి వచ్చింది. లక్షద్వీప్ వద్దని, గోవా రూట్ తీసుకోవాలని ఆ రోజే తేల్చుకున్నం. సాగర్ నీళ్ళు పెద్దగా ఊపవు కాబట్టి వాంతుల సంగతి మాత్రం అక్కడ తేలదు.

ఇక గది. కిటికీ లేని లోపలి గది, కిటికీ గది, బాల్కనీ గది అని రకాలుంటాయి. ఏజెంట్లందరూ బాల్కనీ మీదే నొక్కుతారు. పెద్దవాళ్ళకు అంతకంటే ముఖ్యం గది ఎక్కడుందన్నది. ఓడ పొడవులో నడుమ, కింది అంతస్తులలో అడగండి, ఊపు తక్కువ తెలుస్తుంది. ముందు కొసన, వెనక కొసన, బాగా పై అంతస్తుల్లో ఊపు ఎక్కువ. లిఫ్టుకు దగ్గరగా ఉండాలి గానీ పక్క గదే అయితే రాత్రంతా చప్పుడు. ఒకే గదిలో ముగ్గురు నలుగురు ఉంటే మూడో, నాలుగో మనిషికి పై బెర్తులు వస్తాయి, నిచ్చెన ఎక్కాలి. అవి పిల్లలకు. బాత్‌రూమ్ చిన్నగా ఉంటుంది, నీళ్ళు బయటికి రాకుండా ఎత్తుగా గడప ఉంటుంది. మొదటి రోజే ఆ గడప చూపించి, దాటడం రెండుసార్లు అలవాటు చేయించండి. లోపలి గదిలో లైటు తీస్తే పట్టపగలు కూడా చిమ్మచీకటే. ఒక చిన్న టార్చి తలగడ కింద ఉండాల్సిందే. వీల్‌చైర్ పట్టే వెడల్పు తలుపుల గదులు కొన్నే ఉంటాయి. అవి కావాలంటే ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, బుకింగ్ కాగితం మీద రాయించుకోండి.

డబ్బు విషయం సూటిగా చెప్తాను. ప్రకటనలో కనిపించే రేటు ఒక గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి పడేది. హైదరాబాద్‌లో ఒక ఏజెంటు మాకు మొదట చెప్పిన రేటుకూ, చివరికి అడిగిన మొత్తానికీ చాలా తేడా వచ్చింది. పోర్టు చార్జీలు, జీఎస్టీ, గ్రాట్యుటీ (ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు) ముందు కలపలేదు. ఈ మూడూ కలిపి మొత్తం ఎంతో రాతలో పంపమని అడగండి. మామూలు రెస్టారెంట్లలో తిండి, షోలు, స్విమ్మింగ్ పూల్ టికెట్‌లోనే వస్తాయి. మందు, కూల్‌డ్రింకులు, వైఫై, మసాజు, ఒడ్డున తిప్పే టూర్లు, ప్రత్యేక రెస్టారెంట్లు వేరే. ఓడలో నగదు నడవదు. గది తాళంగా ఇచ్చే కార్డునే గీకుతారు, అది మీ ఖాతాలో పడుతుంది. పిల్లల కార్డుల మీద ఖర్చు ఆపించే వీలుందేమో కౌంటర్‌లో అడిగి ఆపించండి.

మన దేశంలోనే తిరిగే ట్రిప్పుకు పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. కానీ టికెట్ మీద పేరు కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. మన పెద్దవాళ్ళకు రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. కార్డు ఎదురుగా పెట్టుకొని అక్షరం అక్షరం సరిచూసి బుక్ చెయ్యండి. శ్రీలంకకో సింగపూర్‌కో పోయే ఓడ అయితే పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి, వీసా సంగతి వేరే చూసుకోవాలి.

మందుల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, రోజూ చేసే పని కాబట్టి. రేవులో మీ సూట్‌కేసులు తీసుకొని ట్యాగు వేసి పంపుతారు, అవి గది దగ్గరికి వచ్చేసరికి గంటలు పట్టొచ్చు. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు, ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. ట్రిప్పు రోజులకు సరిపడా కాక, ఇంకో మూడు రోజులకు ఎక్కువ పెట్టుకోండి. షాపుల్లో స్ట్రిప్ కత్తిరించి ఇస్తుంటాం కదా, ఈ ప్రయాణానికి మాత్రం పేరు, ఎక్స్‌పైరీ కనిపించేలా పూర్తి స్ట్రిప్ తీసుకోండి. డాక్టర్ చీటీ ఫోటో ఫోన్‌లో, అసలు చీటీ సంచిలో. ఓడలో డాక్టర్ ఉంటారు గానీ ఫీజు కట్టాలి. అందుకని వైద్య ఖర్చులు ఇచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

సముద్రం పడని వాళ్ళకు అవొమిన్ మాత్ర అందరికీ తెలిసిందే. అది వాంతి మొదలయ్యాక వేసుకునేది కాదు, ముందుగా వేసుకోవాలి. దానితో మత్తుగా ఉంటుంది. పెద్దవాళ్ళు ఆ మత్తులో లేచి నడిస్తే పడే ప్రమాదం ఉంది. గ్లకోమా, ప్రొస్టేట్ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. మాత్ర లేకుండా కూడా చాలావరకు తట్టుకోవచ్చు. ఖాళీ కడుపుతో ఉండొద్దు, నూనె వస్తువులు వద్దు, గదిలో పడుకొని ఫోన్ చూడొద్దు. బయటికి వచ్చి, నీళ్ళూ ఆకాశం కలిసే గీత మీద చూపు పెట్టాలి. లోపలి చెవికి తెలిసే ఊపూ, కంటికి కనిపించేదీ ఒకటైతే తిప్పుడు తగ్గుతుంది.

ముంబైకి ముందురోజే చేరండి. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఎక్కితే తెల్లవారేసరికి ముంబై. ఓడ ఎక్కే రేవు బల్లార్డ్ పియర్, ఆ రైలు ఆఖరున ఆగే సీఎస్ఎంటీ స్టేషన్‌కు దగ్గరే. పాలమూరు, నారాయణపేట వాళ్ళకు ముంబై తోవ తరాలుగా తెలిసిందే. మా చండూరు పద్మశాలీలకు భివండీలో చుట్టాలు లేని ఇల్లు తక్కువ. మేము కూడా కళ్యాణ్‌లో దిగి అక్కడ మా పెద్దనాన్న కొడుకు ఇంట్లో ఒక పూట నడుం వాల్చినం. పెద్దవాళ్ళకు ఆ విశ్రాంతి కావాలి. స్టేషన్‌లో, రేవులో రెండుచోట్లా వీల్‌చైర్ ముందే చెప్పిపెట్టండి.

సంచుల్లో ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, కత్తి, మద్యం ఉంటే ఎక్స్‌రేలో పట్టుకొని తీసేస్తారు. ఇంట్లో వండినవి లోపలికి రానివ్వరు. సకినాలు, పచ్చడి మనసు చంపుకోలేకపోతే సీలు వేసిన ప్యాకెట్లు తెచ్చుకోవచ్చా అని ముందే అడగండి. శాకాహారం, జైన్ భోజనం దొరుకుతాయి. పెరుగన్నం కావాలని అడిగితే పెరుగు, తెల్లన్నం తెచ్చిపెట్టారు, అమ్మ మొదటి రాత్రి అదే తిన్నది. బఫే తెరిచిన వెంటనే కాకుండా కాస్త ఆలస్యంగా పోతే పళ్ళెం పట్టుకొని నిలబడే పని ఉండదు. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి మీరే తెచ్చివ్వండి, ఊగే ఓడలో సాంబార్ గిన్నెతో వాళ్ళు నడవొద్దు.

ఎక్కగానే, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో చూపించే భద్రతా డ్రిల్ ఉంటుంది. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా మునిగినప్పుడు, అప్పుడే ఎక్కిన ప్రయాణికులు చాలామందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాత నిబంధన మార్చి, ఓడ కదిలేముందో కదలగానే వెంటనేనో డ్రిల్ చెయ్యాలన్నారు. అలసిపోయామని గదిలో ఉండిపోవద్దు. మీ గుమిగూడే చోటు నంబర్ కార్డు మీద ఉంటుంది. ప్రమాదం వస్తే లిఫ్టులు నడవకపోవచ్చు, మెట్లు దిగలేని మనిషి ఉన్నారని ఆ చోటి సిబ్బందికి అప్పుడే చెప్పండి. మేము చెప్తే రాసుకొని, అమ్మ కోసం ఎవరు వస్తారో ఆ మనిషిని చూపించారు.

ఓడ కదిలేటప్పుడు మాత్రం గదిలో ఉండకండి, డెక్ మీదికి, అంటే ఓడ పైన ఆరుబయటికి రండి. ముంబై రేవులో బూడిదరంగులో ఉన్న నీళ్ళు పోనుపోను పచ్చగా, ఆ తర్వాత నీలంగా మారతాయి. రేవు దాటించడానికి పైలట్ ఒకాయన ఓడలో ఉంటాడు. బయటి నీళ్ళలోకి రాగానే ఒక చిన్న పడవ పక్కకు వచ్చి అదే వేగంతో నడుస్తుంది. ఓడ పొట్ట పక్కన తలుపు తీసి, తాడు నిచ్చెన జారవిడుస్తారు. ఆయన వెనక్కి తిరిగి ఒక్కో మెట్టు దిగి, పడవ పైకి లేచినప్పుడు కాలు పెట్టి వెళ్ళిపోతాడు. అమ్మ కమ్మీ పట్టుకొని అంతా చూసి, "ఏంది బిడ్డా, ఓడ నడిపేటాయనే దిగిపాయె!" అన్నది. ఆయన రేవు వరకే, మన కెప్టెన్ పైన ఉన్నాడని చెప్పేదాకా కమ్మీ వదల్లేదు. మర్నాడు గోవా దగ్గర ఇంకో పైలట్ ఎక్కుతుంటే తనే పక్కవాళ్ళకు చెప్పింది.

ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. తీరం దాటాక ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటే రోమింగ్ బిల్లు బాగా పడుతుంది. ఇంట్లోవాళ్ళకు ఫలానా రోజు దాకా ఫోన్ కలవదని ముందే చెప్పి రండి.

గోవాలో దిగేవాళ్ళు తిరిగి రావాల్సిన టైమ్ ఫోటో తీసుకోండి, ఓడ ఎవరికోసమూ ఆగదు. ఒక గుడి, ఒక బీచ్ చాలు. పెద్దవాళ్ళకు దిగడం ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యకండి. అందరూ దిగిపోయాక డెక్ ఖాళీ, కుర్చీలు ఖాళీ, సిబ్బందికి తీరిక. మా ఆయన, పిల్లలు గోవా తిరిగొస్తే నేను, అమ్మ పై డెక్ నీడలో కూర్చొని రేవులో ఓడలకు సరుకు ఎక్కించే క్రేన్లను చూసుకుంటూ చాయ్ తాగినం. ఆ పూట ఎంత బాగుండెనో.

చివరి రాత్రి సూట్‌కేసులు గది బయట పెట్టమంటారు. పొద్దుటి మందులు, కట్టుకోవాల్సిన చీర, చెప్పులు ముందే పక్కన తీసిపెట్టండి. బిల్లు రాత్రే తెప్పించుకొని చూడండి, పొద్దున కౌంటర్ దగ్గర పెద్ద లైను. వాతావరణం బట్టి ఓడ ఆలస్యం కావొచ్చు కాబట్టి తిరుగు రైలు రాత్రిది తీసుకోండి. ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు నేల ఊగినట్టే ఉంటుంది, దానంతటదే పోతుంది. అప్పటిదాకా బాత్‌రూమ్‌కు పోయేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు పెద్దవాళ్ళ వెంట ఎవరైనా ఒకరు ఉండండి.