సెకండ్ హ్యాండ్ లగ్జరీ సెడాన్ కొంటే ఆర్‌సీ మీ పేరు మీదకి మార్చుకోవడం ఎలా? (శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి)

బీఎండబ్ల్యూ 3 సిరీస్, ఆడి ఏ4, మెర్సిడెస్ సీ-క్లాస్ లాంటి కార్లు కొత్తవి కొనాలంటే అరకోటి మాట. ఏడెనిమిదేళ్లు తిరిగినవి మాత్రం ఒక మంచి కొత్త ఎస్‌యూవీ ధరకే దొరుకుతాయి. మోజు పడటంలో తప్పేం లేదు. కాకపోతే మన రెండు జిల్లాల్లో ఇలాంటి బండి స్థానికంగా అమ్మకానికి రావడం అరుదు. ఎక్కువగా హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో, ఢిల్లీ నుంచో రావాలి. లేదంటే సైన్యంలో పనిచేసే మనవాళ్లు పోస్టింగ్ అయిన ఊళ్లో కొని ఇంటికి తెచ్చుకున్నదై ఉంటుంది. అందుకే ఇంజిన్ ఎలా ఉందన్న దానికంటే ముందు, నంబరు ఎక్కడిదన్నది చూడాలి. ఇంజిన్ సంగతి మెకానిక్ చెప్తాడు. నంబరు వల్ల పడే ఖర్చు మాత్రం బేరం కుదిరే రోజున ఎవరూ గుర్తు చేయరు.

ముందు నంబరు ప్లేటు చదవండి

ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం, ఏపీ 31 అంటే విశాఖ. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బండి ఏ జిల్లాదో ప్లేటు చూసి చెప్పలేం. దానివల్ల ఇబ్బందేమీ లేదు. రాష్ట్రం లోపలి బండి అయితే చాలు, లైఫ్ ట్యాక్స్ (రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) మళ్లీ కట్టక్కర్లేదు, పేరు మార్పు ఒక్కటే పని.

అసలు తికమక ఏపీ 09, ఏపీ 10, ఏపీ 11, ఏపీ 28, ఏపీ 29 లాంటి పాత నంబర్లతో వస్తుంది. ప్లేటు మీద ఏపీ అనే ఉంటుంది. కానీ అవి రాష్ట్ర విభజనకు ముందు హైదరాబాద్, రంగారెడ్డి ఆఫీసుల్లో రిజిస్టర్ అయినవి. 2014 జూన్ 2 నుంచి ఆ రికార్డులు తెలంగాణ రవాణా శాఖ దగ్గర ఉన్నాయి. కాబట్టి అది ఇప్పుడు బయటి రాష్ట్రం బండే, అక్కడి నుంచి ఎన్‌ఓసీ (బండి వేరే చోటికి మార్చడానికి అభ్యంతరం లేదని ఆఫీసు ఇచ్చే పత్రం) రావాలి. "ఏపీ నంబరే కదండీ, ఒక్క రోజు పని" అని బ్రోకర్ అంటే నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి.

బీహెచ్ సిరీస్ (ఉద్యోగరీత్యా రాష్ట్రాలు మారేవాళ్లకి ఇచ్చే, దేశమంతటా చెల్లే నంబరు) బండి అయితే ఇంకో లెక్క. దానికి ట్యాక్స్ రెండేళ్లకోసారి కడతారు. కొనేవాళ్లకి బీహెచ్ అర్హత లేకపోతే మామూలు రాష్ట్ర నంబరులోకి మార్చుకుని ఇక్కడి ట్యాక్స్ కట్టాలి. మన వైపు ఆర్మీ, నేవీ వాళ్ల దగ్గర కొనేటప్పుడు ఇది ఎదురవుతుంది.

ఢిల్లీ డీజిల్ బండి చవగ్గా కనిపించడానికి కారణం ఉంది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు ఆ ప్రాంతంలో తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు నిషేధాన్ని ఖాయం చేసింది. గడువు దగ్గరపడ్డ బీఎండబ్ల్యూ 320డి లాంటి డీజిల్ కార్లు అందుకే దక్షిణాదికి రావడం మొదలైంది (2025లో కోర్టు ఆ నిషేధాన్ని కొంత సడలించింది). బండి మంచిదే కావచ్చు. అయినా ఎన్‌ఓసీ ఆన్‌లైన్‌లో కనిపించాకే మిగతా మాటలు.

డబ్బు చేతులు మారకముందు

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో యజమాని చేతిలో ఉంది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ ఉందా, రిజిస్ట్రేషన్ గడువు ఎంత అన్నవి వస్తాయి. "ఫస్ట్ ఓనర్" అని చెప్పిన బండి యాప్‌లో మూడో యజమాని దగ్గర ఉంటే అక్కడితో బేరం ఆపేయడమే మంచిది. ఈ-చలాన్ సైట్‌లో పాత చలానాలు కూడా చూడండి. వాటిని అమ్మేవాళ్ల చేతే కట్టించాలి. పెండింగ్ ఉంటే ట్రాన్స్‌ఫర్ ముందుకు కదలకపోవచ్చు.

ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే, అప్పు తీరిందన్న నోటి మాట పనికిరాదు. బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 (ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం), దానితో పాటు ఎన్‌ఓసీ లేఖ కావాలి. ఈ లేఖలకి గడువు ఉంటుంది. ఎప్పుడో అప్పు తీర్చి ఇచ్చిన కాగితం బీరువాలో పెట్టుకున్నవాళ్లు మళ్లీ బ్యాంకుకి వెళ్లక తప్పదు.

ఈ తరగతి కార్లలో చాలావరకు కంపెనీ పేరు మీద ఉంటాయి. అప్పుడు అమ్మేది మనిషి కాదు, సంస్థ. సంతకం పెట్టే అధికారం ఇస్తూ తీర్మానమో, లెటర్ హెడ్ మీద అధికార పత్రమో, కంపెనీ పాన్ కార్డూ అడుగుతారు. యజమాని చనిపోయి ఉంటే మామూలు పేరు మార్పుకి వాడే ఫారం 30 చెల్లదు. ముందు వారసుల పేరు మీదకి ఫారం 31తో మార్చాలి, ఆ తర్వాతే మీకు అమ్మగలరు.

ఇంకొకటి, రంగు. తెల్ల కారుకి మ్యాట్ నలుపు స్టిక్కర్ చుట్టించి అమ్మేవాళ్లు ఉన్నారు. ఆర్‌సీలో ఉన్న రంగు, బండి మీద ఉన్న రంగు కలవకపోతే తనిఖీలో వెనక్కి పంపుతారు.

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిచూసుకోండి. చాలా ఆఫీసుల్లో పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు) అడుగుతారు. ఈ కార్లలో ఇంజిన్ నంబరు కవర్ల కింద, చెయ్యి దూరని చోట ఉంటుంది. ఎలాగూ కొనే ముందు ఒకసారి విశాఖలో ఆ బ్రాండ్ తెలిసిన వర్క్‌షాప్‌కి చూపించుకుంటారు కదా, అప్పుడే ప్రింట్ కూడా తీయించుకుంటే మళ్లీ తిరగక్కర్లేదు.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టం చెబుతోంది. రేపు తేడా వస్తే మీకు మిగిలే రుజువు కూడా అదే.

రాష్ట్రం లోపలి బండి: దరఖాస్తు ఇలా

పరివాహన్ వెబ్‌సైట్‌లో వాహన సేవల విభాగం తెరిచి, రాష్ట్రం ఎంచుకుని, బండి నంబరు ఇవ్వాలి. ఛాసిస్ నంబరులో చివరి ఐదు అంకెలు అడుగుతుంది. తర్వాత రికార్డులో ఉన్న మొబైల్‌కి ఓటీపీ వెళుతుంది. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. షోరూం వాళ్లు డెలివరీ రోజు తమ సిబ్బంది నంబరు పెట్టేసి ఉంటారు, లేదా అమ్మినాయన సిమ్ మార్చేసి ఉంటాడు. కాబట్టి అమ్మేవాళ్లు పక్కనే ఉండగా, డబ్బు పూర్తిగా ఇవ్వకముందే, మొబైల్ నంబరు సరిచేయించి ఓటీపీ వస్తోందో లేదో చూసుకోండి.

ఓటీపీ అయ్యాక యజమాని మార్పు సేవ ఎంచుకుని మీ పేరు, చిరునామా, ఇన్సూరెన్స్ వివరాలు నింపాలి. బ్యాంకు పేరు తీయించాల్సి ఉంటే అది కూడా ఇదే దరఖాస్తులో చేర్చవచ్చు. ఫీజు కట్టాక ఫారం 29, ఫారం 30 ప్రింట్ వస్తాయి. ఫారం 29 అంటే "నేను అమ్మేశాను" అని యజమాని ఇచ్చే సమాచారం. ఫారం 30లో ఒక భాగం అమ్మేవాళ్లది, ఇంకో భాగం కొనేవాళ్లది. ఇద్దరి సంతకాలూ ఆర్‌సీలో, ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి.

వీటికి ఒరిజినల్ ఆర్‌సీ, అమలులో ఉన్న ఇన్సూరెన్స్, కాలుష్య సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్, పాన్ జతచేయాలి. పాన్ లేకపోతే ఫారం 60. ఆర్‌సీ (సీ బుక్కు) పోయిందంటే ముందు పోలీసు ఫిర్యాదు, ఫారం 26తో డూప్లికేట్, ఆ తర్వాతే ట్రాన్స్‌ఫర్. కారు రకం వాహనానికి పేరు మార్పు కేంద్ర రుసుము 300 రూపాయలు, పైన రాష్ట్ర సర్వీస్ చార్జీ. బ్యాంకు లోను మీద కొంటే ఆర్‌సీలో ఆ బ్యాంకు పేరు ఎక్కించడానికి 1,500. ఏజెంటు వేలల్లో చెబితే, అందులో ప్రభుత్వానికి వెళ్లేది ఎంతో అడగండి.

చిరునామా దగ్గర ఒక చిన్న జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. అక్కడివాళ్ల ఆధార్‌లో ఇంకా శ్రీకాకుళం జిల్లా అని ఉంటే దరఖాస్తు వేరే ఆఫీసుకి వెళ్లే అవకాశం ఉంది. ముందు ఆధార్ సరిచేయించుకుంటే ఈ తిప్పలు ఉండవు.

గడువుల సంగతి: మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో తెలియజేయాలి. "సంతకాలు పెట్టిన ఫారాలు నీ దగ్గరే ఉంచుకో, ఎప్పుడైనా మార్పించుకో" అనే పద్ధతి మన వైపు బాగా నడుస్తోంది. అది అమ్మినవాళ్లకే ఎక్కువ ప్రమాదం. రికార్డులో ఎవరి పేరు ఉంటే వాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యతా వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పాత కార్ల డీలర్‌కి ఇచ్చేవాళ్లకి 2023 ఏప్రిల్ నుంచి ఒక రక్షణ వచ్చింది. నమోదైన డీలర్ అయితే ఫారం 29సీతో బండి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో చెప్పవచ్చు. ఆ డీలర్‌కి నమోదు పత్రం ఉందా అని అడగడం మాత్రం మన పనే.

బయటి రాష్ట్రం బండి: ఎన్‌ఓసీ, లైఫ్ ట్యాక్స్

ఎన్‌ఓసీ కోసం అమ్మేవాళ్లు తమ ఆఫీసులో ఫారం 28 పెట్టాలి. అందులో బండి ఏ ఆఫీసుకి వెళ్తోందో రాస్తారు. శ్రీకాకుళమా, విజయనగరమా అన్నది ముందే తేల్చుకుని చెప్పండి. విశాఖ అని రాసేస్తే దాన్ని మార్పించుకోవడానికి మళ్లీ అక్కడికే పరిగెత్తాలి. దొంగ బండి కాదని నేర రికార్డుల బ్యూరో నివేదిక కూడా జతచేస్తారు. 30 రోజుల్లో ఆఫీసు ఏదీ తేల్చకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే భావించాలని చట్టంలో ఉంది. అయితే ఆన్‌లైన్ రికార్డు కదలనిదే ఇక్కడ ఎవరూ దరఖాస్తు తీసుకోరు, కాబట్టి ఆ వాక్యం మీద ఆశ పెట్టుకోకండి.

ఎన్‌ఓసీ వచ్చాక ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరుకి, ఫారం 29, 30తో పేరు మార్పుకి కలిపి దరఖాస్తు చేయాలి. బండిని తీసుకెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి.

ఇక లైఫ్ ట్యాక్స్. పాత రాష్ట్రంలో కట్టింది ఇక్కడ లెక్కలోకి రాదు. ఇక్కడ ట్యాక్స్ వేసేది మీరు కొన్న ధర మీద కాదు, కారు కొత్తగా బయటికి వచ్చిన రోజు ఇన్వాయిస్ ధర మీద. బండి వయసు పెరిగే కొద్దీ శాతం తగ్గుతుంది, అంతే. మామూలు చిన్న కారుకి ఈ తేడా తెలియదు. కానీ కొత్తప్పుడు 40 లక్షలున్న సెడాన్‌ని మీరు 14 లక్షలకి కొన్నారనుకోండి, శ్లాబులో ప్రతి ఒక్క శాతానికీ 40 వేలు పడుతుంది. చవగ్గా వచ్చిందని మురిసిపోయిన డబ్బంతా ఇక్కడే పోవచ్చు. అందుకే బేరానికి ముందే మోడల్, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్వాయిస్ ధర కాగితం మీద రాసుకుని జిల్లా రవాణా కార్యాలయంలో ఎంత పడుతుందో అడగండి. ఇన్వాయిస్ కాపీ అమ్మేవాళ్ల దగ్గర తప్పకుండా తీసుకోండి.

పన్నెండు నెలల వరకు పాత నంబరుతో తిరగవచ్చు కదా అని కొందరు అంటారు. 47వ సెక్షన్‌లోని ఆ గడువు బండి వేరే రాష్ట్రంలో ఉంచుకున్నవాళ్లకి కొత్త నంబరు కోసం ఇచ్చింది. ట్యాక్స్‌కి అది మాఫీ కాదు, పేరు మార్పుకి వాయిదా అంతకన్నా కాదు.

పదిహేనేళ్లకి దగ్గరపడ్డ బండి అయితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా లెక్కలో వేసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి కారుకి కేంద్ర రుసుము 5,000. దిగుమతి వాహనంగా నమోదైతే 40,000. 3 సిరీస్ చెన్నైలో, సీ-క్లాస్ పుణె దగ్గర చకన్‌లో, ఏ4 ఔరంగాబాద్ (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్)లో బిగిస్తారు కాబట్టి ఎక్కువ బండ్లకి భయం లేదు. పూర్తిగా బయటి దేశం నుంచి వచ్చిన పాత బండి అయితే ఆర్‌సీ చూసి తేల్చుకోండి.

పేరు మారాక మిగిలే పనులు

ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లో చెప్పాలి. అవతలివాళ్లకి నష్టపరిహారం ఇచ్చే థర్డ్ పార్టీ భాగం దానంతట అదే మీకు వర్తిస్తుంది. మీ కారుకి జరిగిన నష్టం మాత్రం పాలసీ మీ పేరు మీదకి మారితేనే వస్తుంది. ఈ కార్లకి ఒక్క హెడ్‌లైట్ ధర వింటేనే ఆ పని ఎందుకు వెంటనే చేయాలో అర్థమవుతుంది. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో వచ్చే తగ్గింపు) బండితో రాదు, అది అమ్మినవాళ్లది. మీ పాత కారు మీద మీకు బోనస్ ఉంటే దాన్ని తెచ్చుకోవచ్చు.

ఫాస్టాగ్ పాతది తీయించి కొత్తది వేయించుకోండి. లేకపోతే మడపాం దగ్గరో, నాతవలస దగ్గరో మీరు దాటిన ప్రతిసారీ అమ్మినాయన ఖాతాలో డబ్బు పోతుంది. ఆయన విసిగి బ్లాక్ చేయిస్తే టోల్ గేటు దగ్గర నగదైతే రెట్టింపు కట్టేది మీరు. కొత్త నంబరు వచ్చినవాళ్లు హై సెక్యూరిటీ ప్లేటు కూడా పెట్టించుకోవాలి.

బయటి రాష్ట్రం నుంచి తెచ్చినవాళ్లకి ఇంకో పని ఉంది. అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి కొంత వెనక్కి ఇచ్చే ఏర్పాటు కర్ణాటక, మహారాష్ట్ర, ఢిల్లీ లాంటి చోట్ల ఉంది. కొత్త ఆర్‌సీ కాపీ, ఇక్కడ ట్యాక్స్ కట్టిన రసీదు, పాత రసీదు కావాలి. అక్కడ ట్యాక్స్ కట్టింది పాత యజమాని కాబట్టి రీఫండ్ ఎవరికి చెందాలో అమ్మకం ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించుకోండి.