ఇంట్లోనే కుక్కకు బొచ్చు కత్తిరింపు – 3వ పాఠం: ఎడమ చేతి పని

పోయిన పాఠంలో చెప్పిన స్నానం, ఆరబెట్టడం, దువ్వడం పూర్తయ్యాయా? స్టీలు దువ్వెన మెడ నుంచి తోక దాకా చర్మాన్ని తాకుతూ ఎక్కడా ఆగకుండా వెళ్తేనే ఈ పూట బొచ్చు కత్తిరించే మిషన్ చేతిలోకి తీసుకోండి. దువ్వెన ఆగిన చోట మిషన్ కూడా ఆగుతుంది. అప్పుడు మనం బలంగా తోస్తాం, గాయాలు ఎక్కువగా అక్కడే అవుతాయి.

మా కోనసీమ కుక్కల ఒంటికి చిక్కు పట్టడానికి కారణాలు వెతకక్కర్లేదు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలారంటే రోజుకు ఒక్కసారైనా దిగి ఈదాల్సిందే. పైబొచ్చు ఆరినట్టే కనిపిస్తుంది కానీ లోపల తడి అలాగే ఉంటుంది. ఆ తడి బొచ్చుతో చేలగట్ల మీద తిరిగితే ఉత్తరేణి గింజలు అంటుకుంటాయి. చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో ఉండలు కడతాయి. ఆ ఉండల్ని కత్తెరతో మాత్రం కోయకండి. ఉండను పట్టుకుని పైకి లాగినప్పుడు దాని కింది చర్మం కూడా లేస్తుంది. బొచ్చు ఎక్కడ అయిపోయిందో, చర్మం ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. దువ్వెనకు లొంగని ఉండను 10వ నంబరు బ్లేడుతో, చర్మానికీ ఉండకూ మధ్య నుంచి కొంచెం కొంచెంగా తీయాలి.

నంబర్ల సంగతి మళ్లీ ఒకసారి. నంబరు పెరిగేకొద్దీ మిగిలే బొచ్చు తగ్గుతుంది. 10వ నంబరు సుమారు 1.5 మిల్లీమీటర్లు ఉంచుతుంది, 7వది 3, 4వది 9. ఇళ్లలో వాడే మిషన్లకు 3, 6, 9, 12 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దువ్వెనలు వస్తాయి కదా, మొదటిసారి 9 గానీ 12 గానీ తగిలించండి. పొడుగ్గా ఉంటే రేపు మళ్లీ తీయొచ్చు.

ఈ పాఠం అంతా షిట్జూ, లాసా ఆప్సో, పూడుల్, కాకర్ స్పానియల్ లాంటి వాటికి. మా వీధి చివరి అమ్మాయి మొన్న మే నెలలో వచ్చి అడిగింది: "అక్కయ్యగారూ, ఎండలు మండిపోతున్నాయండి. మా పామెరేనియన్‌కి గుండు చేసేయనా?"

"వద్దమ్మా" అన్నాను. పామెరేనియన్‌కీ, లాబ్రడార్‌కీ, జర్మన్ షెపర్డ్‌కీ, గోల్డెన్ రిట్రీవర్‌కీ రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన పొడుగాటి వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తని బొచ్చు. పై పొర ఎండను చర్మం దాకా రానివ్వదు. కుక్క మనలాగా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, నాలుక చాచి రొప్పి చల్లబడుతుంది. గుండు చేస్తే దానికి చల్లదనం రాకపోగా చర్మం ఎండకు కాలుతుంది. పైగా కొన్నిటికి, పామెరేనియన్లకు మరీనూ, బొచ్చు నెలల తరబడి తిరిగి రాదు. వచ్చినా అక్కడొకటి ఇక్కడొకటిగా వస్తుంది. అలాంటి వాటికి ఊడిపోయే లోపలి బొచ్చును రోజూ దువ్వి తీసేస్తే చాలు. నీళ్లు, నీడ, ఫ్యాను దగ్గర చోటు ఇవ్వండి.

ఇక అసలు పని. మిషన్ కుడి చేతిలో ఉంటుంది కాబట్టి అందరి కళ్లూ కుడి చేతి మీదే ఉంటాయి. కుక్కను కాపాడేది మాత్రం ఎడమ చెయ్యి. కుక్క చర్మం మన చర్మంలా బిగుతుగా ఉండదు, వదులుగా జారుతుంది. ఆ వదులు ముడతై బ్లేడు పళ్ల మధ్యకు పోకుండా, బ్లేడు వెళ్లే దారిలో చర్మాన్ని సాపు చేస్తూ ఉండాల్సింది ఎడమ చెయ్యే. ఎడమ చేతివాటం వాళ్లు దీన్ని తిప్పి చదువుకోండి.

ఇది నేను నేర్చుకున్నది మా చిట్టి ఒంటి మీదే. షిట్జూ అది. వీపు, పక్కలు చక్కగా వచ్చాయి. ఆ ఊపులో తొడకూ పొట్టకూ మధ్య వేలాడే పల్చటి మడత దగ్గరికి వచ్చేసరికి ఎడమ చేతిని దాని తల మీదే ఉంచేశాను. ఒక్క క్షణం. కుయ్‌మని అరిచి బల్ల మీంచి దూకబోయింది. అరంగుళం తెగింది. వారంలో మానింది గానీ మిషన్ చప్పుడు వింటే మంచం కిందకు పోవడం మానడానికి మూడు నెలలు పట్టింది. అందుకే ఆ మడత దగ్గర తొందర వద్దని గట్టిగా చెబుతున్నాను. వెనక కాలిని మెల్లగా వెనక్కి చాపి, మడతను అరచేత్తో సాపు చేశాకే బ్లేడు పెట్టండి.

బల్ల మీద గోనెసంచి పరిచి కుక్కను నిలబెట్టండి. పాదాలు జారకపోతే దాని భయం సగం తగ్గుతుంది. ఇంకొకరు పక్కన ఉండి గడ్డం కింద చెయ్యి పెట్టి మాట్లాడుతూ ఉంటే ఇంకా మంచిది. మిషన్ ఆన్ చేసి, ముందు బ్లేడు లేని వైపు భుజానికి ఆనించి ఆ వణుకు అలవాటు కానివ్వండి. ఆ తర్వాత మెడ వెనక నుంచి వెన్ను వెంట తోక మొదలు దాకా, బొచ్చు వాలిన దిక్కునే, ఒకే నిదానంతో పోనివ్వండి. బ్లేడు చర్మానికి సమానంగా పడుకుని ఉండాలి, మొన గుచ్చుకోకూడదు. బొచ్చుకు ఎదురు వెళ్తే ఇంకా పొట్టిగా తెగుతుంది, మొదటిసారి అది వద్దు. వీపు తర్వాత పక్కలు, ఆ తర్వాత కాళ్ల పై భాగం.

చంక దగ్గర ముందు కాలిని ముందుకు చాపాలి. మోచేతి దగ్గర చర్మాన్ని పైకి లాగాలి. వెనక కాలి మడమ పైన ఉండే నరం దగ్గర చర్మం మరీ పల్చన, అక్కడ బ్లేడు మొన తగలకూడదు. పొట్ట చివర్లో. చనుమొనలు మగకుక్కకూ ఉంటాయి, ఒక్కోదాన్ని వేలితో కప్పి దాని చుట్టూ తీయండి.

నాలుగైదు నిమిషాలకోసారి బ్లేడును మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దానికీ అంతే. ఆపేసి, బ్లేడును చల్లని గచ్చు మీద గానీ స్టీలు పళ్లెం మీద గానీ పెట్టండి. నడుస్తున్న బ్లేడు పళ్ల మీద రెండు మూడు చుక్కల మిషన్ నూనె వేసి, మిగిలింది గుడ్డతో తుడవండి. కొబ్బరినూనె వేయొద్దు. మన ఇళ్లలో చేతికి ముందు అందేది అదే, నాకు తెలుసు. కానీ అది 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. సంక్రాంతి రోజుల్లో సీసాలో చూస్తూనే ఉంటాం కదా, బ్లేడు సందుల్లోనూ అలాగే పేరుకుంటుంది.

బొచ్చు తగ్గాక పిడుదులు బయటపడతాయి. మిషన్‌తో వాటి మీదుగా పోకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి. వేళ్లతో నలపొద్దు. ఎక్కువ కనిపిస్తే, లేదా కుక్క నీరసంగా ఉండి తిండి మానేస్తే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, పిడుదుల వల్ల రక్తంలో జబ్బులు వస్తాయి.

ఎక్కడైనా తెగితే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు నొక్కి పట్టండి, మధ్యలో తీసి చూడకండి. ఘాటైన యాంటిసెప్టిక్ నేరుగా పోయొద్దు. గాయం నోరు తెరుచుకుంటే డాక్టరు కుట్టు వేయాలి. చిన్నదైనా ఈగలు వాలకుండా చూడండి. మన ఉక్కపోతకు గాయంలో పురుగు పట్టడానికి ఒకటి రెండు రోజులు చాలు.

అంతా ఒక్క పూటలో అయిపోవాలని లేదు. కుక్క మూతి నాక్కుంటూ, ఆవలిస్తూ, తల తిప్పేసుకుంటుంటే దానికి టెన్షన్ పెరుగుతోందని అర్థం. వీపు ఇవాళ, పొట్ట రేపు చేసుకోవచ్చు. వీపు మీద గీతలు పడ్డాయని అప్పుడే సరిచేయబోకండి. మర్నాడు దువ్వితే సగం కలిసిపోతాయి.

వచ్చే పాఠం పాదాలు, ముఖం. అప్పటిదాకా మిషన్ తీయకండి. రోజూ అన్నం పెట్టే ముందు ఒక్కో పాదాన్ని పట్టుకుని, వేళ్ల మధ్య మీ వేలు పెట్టి, పది లెక్కపెట్టి వదిలేయండి. లాక్కోకుండా ఊరుకుంటే అప్పుడు గిన్నె కింద పెట్టండి.