తుపాను నెలలకు ముందే ఫైల్ లాకులు సరిచూసుకోండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ప్రకాశం తీరంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. 2023లో మిచౌంగ్ తుపాను మన తీరం వెంబడే పైకి వచ్చి డిసెంబరు 5న బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. రైసు మిల్లులో కాటా దగ్గరొక సిస్టం, ఆఫీసులో ఇంకోటి లైనక్స్ సర్వరు మీది ఒకే ఫైలు తెరిచి ఉండగా కరెంటు పోతే, ఆ ఫైలు మీది లాకు (ఇద్దరు ఒకేసారి రాయకుండా వేసే తాళం) ఏమవుతుందో ముందే తెలిసుండాలి.

ఎఫ్‌లాక్ అనే లైనక్స్ కమాండుతో కెర్నల్ (లైనక్స్‌ను నడిపే మూల ప్రోగ్రాం) దగ్గర తీసుకున్న లాకు ప్రోగ్రాం చావగానే దానంతటదే పోతుంది. "లాక్ ఫైలు ఉంటే ఆగు" అని స్క్రిప్టులో రాసుకున్నదైతే డిస్కు మీద మిగిలిపోతుంది. సర్వరు లేచాక రాత్రి బ్యాకప్ దాన్ని చూసి ఆగిపోతుంది, రోజూ అలాగే ఆగుతుంది. అలాంటి స్క్రిప్టులన్నీ సెప్టెంబరులోనే ఎఫ్‌లాక్‌కు మార్చేయండి. ఒక్క జాగ్రత్త: ఎఫ్‌లాక్ వాడే ఫైలును పనయ్యాక తుడవొద్దు. తుడిస్తే తెరిచి ఉన్న పాత ఫైలు మీద ఒకరు, అదే పేరుతో కొత్తగా పుట్టిన ఫైలు మీద ఇంకొకరు లాకు పట్టి ఇద్దరూ ఒకేసారి రాస్తారు.

లైనక్స్‌లో లాకు అడగని ప్రోగ్రామును లాకు ఆపదు. అడగని ప్రోగ్రాములనూ ఆపే బలవంతపు లాకింగును 5.15 కెర్నల్‌లో తీసేశారు, దాన్ని ఆన్ చేసే పాత మ్యాండ్ ఆప్షన్ మీద ఆశ పెట్టుకోకండి.

లైనక్స్ సర్వరు ఫైళ్లను విండోస్ సిస్టాలకు అందించే సాంబా షేరింగులో అసలు ప్రమాదం ఆప్‌లాకుది, అంటే ఫైలును సొంత మెమరీలో ఉంచుకోమని సర్వరు ఇచ్చే అనుమతిది. వేగం కోసం విండోస్ సిస్టం రాతల్ని తన మెమరీలోనే ఉంచుకుంటుంది. యూపీఎస్ సర్వరుకే ఉండి కాటా సిస్టానికి లేకపోతే, సర్వరుకు చేరని రాతలు అక్కడే పోతాయి. సాంబా సెట్టింగుల్లో డేటా ఫైళ్లుండే షేరుకు ఆప్‌లాక్స్ 'నో' పెట్టండి. కాస్త నెమ్మదిస్తుంది, ఈ మూడు నెలలు భరించొచ్చు. కాటా సిస్టానికి చిన్న యూపీఎస్ కూడా పెట్టండి.

లైనక్స్ సిస్టాల మధ్య ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ వాడుతుంటే, దాని మౌంటు ఆప్షన్లలో నోలాక్, సాఫ్ట్ ఉంటే తీసేయండి. నోలాక్ ఉంటే రెండో సిస్టానికి లాకు సంగతే తెలియదు. సాఫ్ట్ ఉంటే సర్వరు పలకనప్పుడు రాత మధ్యలోనే వదిలేస్తుంది.

కరెంటు వచ్చాక ఎక్సెల్ ఫైలు "వేరొకరు వాడుతున్నారు" అంటే, ఫైలు తెరిచి ఉందని గుర్తుగా ఎక్సెల్ పెట్టే, ~$ తో మొదలయ్యే ఫైలును వెంటనే తుడవకండి. సర్వరులో ముందు ఏ ఫైలు ఎవరు తెరిచారో చూపే ఎస్ఎంబీస్టేటస్ కమాండు నడిపి చూసి, ఎవరూ తెరవలేదని తేలాకే తుడవండి. లైనక్స్ లాకులు పట్టుకున్న ప్రోగ్రాం నంబరు ఎల్‌ఎస్‌లాక్స్ కమాండు చూపిస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వరు లేచాక పాత లాకులున్న సిస్టాలు వాటిని మళ్లీ అడిగి తీసుకునేందుకు మామూలుగా 90 సెకన్లు ఆగుతుంది, అప్పటిదాకా కొత్త లాకులివ్వదు. హ్యాంగ్ అయిందనుకుని మళ్లీ రీస్టార్ట్ కొడితే ఆ 90 మళ్లీ మొదటికొస్తాయి.